ఉన్నదున్నట్టు తీసే కెమెరా

ఆ ఎండాకాలం మా ఇంట్లో రెండు పెద్ద కొనుగోళ్ళు జరిగాయి. ఒకటి తమ్ముడి పెళ్ళికి మంచం. రెండోది నా కెమెరా. మంచం కొనడానికి ఇంటిల్లిపాదీ వెళ్ళి, దాని మీద కూర్చుని, పడుకుని, లేచి, బేరమాడి, నవ్వుకుంటూ తిరిగొచ్చారు. కెమెరా కొనడానికి నేనొక్కదాన్నే వెళ్ళాను. కొనుక్కొచ్చాక చాలా రోజులు ఇంట్లో ఎవరూ నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. నాకు బొల్లి. కాలేజీ చదువు ముగిసే రోజుల్లో ఎడమ కంటి పక్కన చిన్న తెల్ల చుక్కగా మొదలైంది. ఆ తర్వాత తీరిగ్గా, తననెవరూ తరమట్లేదన్నట్టు, చెంప మీదికీ మెడ మీదికీ రెండు చేతుల మీదికీ పాకింది. నా కుడి చెయ్యి వెనక సగం చామనఛాయ, సగం పాలతెలుపు. నొప్పి లేదు, ఎవరికీ అంటుకోదు. ఎండలోకి వెళ్తే తెల్లగా ఉన్నచోట కమిలిపోతుంది, చుట్టూ ఉన్న చర్మమేమో నల్లబడుతుంది. దాంతో మచ్చలు ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతాయి. అందుకే ఎండాకాలం వస్తోందంటే అమ్మకి బెంగ. సరిగ్గా ఆ ఎండాకాలంలోనే తమ్ముడి పెళ్ళి కుదిరింది.

నిశ్చితార్థం ఫోటోల ఆల్బం వచ్చిన రోజు నేను దారాల దుకాణంలో పని ముగించుకుని ఇంటికొచ్చేసరికి అందరూ దాని చుట్టూ మూగి ఉన్నారు. నన్ను చూడగానే అమ్మ పక్కకి జరిగి చోటిచ్చింది.

"రా, రా. ఎంత బాగా వచ్చావో చూడు" అంటూ కళ్ళు తుడుచుకుంది.

చూశాను. నేను కట్టుకున్న బట్టలే. నేను నిలబడే తీరే, ఎడమ కాలి మీద కాస్త బరువు వేసి. మొహం మాత్రం నాది కాదు. నుదుటి నుంచి మెడ దాకా ఒకే రంగు. చేతులు బట్టల దుకాణంలో బొమ్మ చేతుల్లా నున్నగా ఉన్నాయి. పేజీ తిప్పితే అందులోనూ ఆవిడే. తమ్ముడి పక్కన ఆవిడే, నాన్న వెనక ఆవిడే. కేకు కోస్తుంటే చప్పట్లు కొడుతున్నదీ ఆవిడే. ఆవిడెవరో నాకు తెలీదు.

"బాలేదా?" అంది అమ్మ.

"బాగుంది. ఎవరు?" అన్నాను.

అమ్మ మొహం చిన్నబోయింది. తమ్ముడు ఆల్బం మూసేశాడు.

మర్నాడు స్టూడియోకి వెళ్ళాను. స్టూడియో ఆయన మా కుటుంబానికి పాతకాపే, మర్యాదస్తుడు. ఏమాటకామాటే చెప్పాలి, కుర్చీ వేయించి చల్లటి నీళ్ళిచ్చాడు.

"మచ్చలన్నీ తీసేశాం కదమ్మా. ఇంకెక్కడైనా మిగిలిందా?"

"తీసేసినవి మళ్ళీ పెట్టండి."

జోకేమో అనుకుని నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"తీసెయ్యమని అందరూ వస్తారమ్మా. పెట్టమని వచ్చింది మీరొక్కరే. అసలు ఫోటోలు మేం ఉంచం, అంత జాగా ఎక్కడిది? అయినా నాకు నేనుగా చేసింది కాదు. అక్కని కాస్త చూసుకోమని మీ తమ్ముడే చెప్పాడు."

తమ్ముడు చెప్పాడట. దారంతా ఆ ఒక్క మాటే నములుకుంటూ ఇంటికొచ్చాను.

వచ్చి ఫోన్‌తో నన్ను నేను తీసుకున్నాను. ఫోనూ అదే బాపతు. అందం పెంచే మీటలన్నీ వెతికి ఆపేసినా సరే, మచ్చల అంచులు తడిగుడ్డతో తుడిచినట్టు అలుక్కుపోయాయి. అప్పుడు కూర్చుని ఇంట్లో ఉన్న ఫోటోలన్నీ తిరగేశాను. మచ్చ మొదలైన దగ్గర్నుంచీ నాదని చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. నలుగురితో ఉన్నవాటిలో నన్ను చివర నిలబెట్టారు, ఒంటరిగా ఉన్నవాటిలో దిద్దేశారు. ఎవరైనా ఆ ఫోటోలు చూస్తే ఈ ఇంట్లో ఒకమ్మాయి ఉన్నట్టుండి మాయమైపోయి, ఆమె స్థానంలో ఇంకెవరో వచ్చి కాపురం పెట్టారనుకుంటారు.

మర్నాడు అన్నాల దగ్గర చెప్పేశాను. "నేనో కెమెరా కొనుక్కుంటున్నాను. మంచిది."

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "దేనితో?"

"నేను దాచుకున్న డబ్బుతో."

అమ్మకి అర్థమైంది. ఆ డబ్బు నాలుగో విడత లైటు వైద్యానికి. చిన్న గదిలో నీలం దీపాల మధ్య కళ్ళకి గంతలు కట్టుకుని నిలబడాలి. అప్పటికి మూడు విడతలు అయ్యాయి. ప్రతిసారీ మచ్చల మధ్య కొన్ని గోధుమ చుక్కలు వచ్చాయని డాక్టరు చెప్పేవాడు, అమ్మ సంబరపడేది, ఆర్నెల్లకి అవి చాలావరకు ఎటో వెళ్ళిపోయేవి. పెళ్ళిలోపు ఇంకో విడత అయితే కనీసం మొహం వరకైనా నయమవుతుందని అమ్మ ఆశ.

"ఆ డబ్బు నీ ఒంటి కోసం దాచుకున్నది" అంది అమ్మ.

"ఇదీ నా ఒంటి కోసమే."

తమ్ముడు తలెత్తాడు. "నీకు కెమెరాల గురించి ఏం తెలుసక్కా?"

"ఏమీ తెలీదు. నీకు సంసారం గురించి ఏం తెలుసని పెళ్ళి చేసుకుంటున్నావు?"

నాన్న ఫక్కున నవ్వి, అమ్మ వైపు చూసి, ఆ నవ్వుని మంచినీళ్ళతో పాటు మింగేశాడు. ఆయన ముప్పై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోతే కదలకుండా ఉండటమే క్షేమమని ఆయన నమ్మకం. ఇంట్లో కూడా అదే పాటించేవాడు.

నాకు నిజంగానే ఏమీ తెలీదు. ఏం కావాలో చెప్పే భాషే నా దగ్గర లేదు. ఏం వద్దో మాత్రం బాగా తెలుసు.

మొదట పెద్ద షోరూముకి వెళ్ళాను. మెడకి టై బిగించుకున్న కుర్రాడొకడు నా మొహం చూసి, చప్పున చూపు కెమెరాల మీదికి తిప్పుకుని, నా దగ్గరున్నదెంతో అడిగాడు. చెప్పాను. వెంటనే ఒక పెద్ద డబ్బా తీశాడు.

"కొత్తగా మొదలుపెట్టేవాళ్ళందరూ ఇదే తీసుకుంటారు మేడమ్. రెండు లెన్సులు, సంచీ, స్టాండూ అన్నీ కలిపే. విడివిడిగా కొంటే తడిసి మోపెడవుతుంది."

"మొహం ఎలా తీస్తుంది?"

"మిమ్మల్నే తీసి చూపిస్తా."

తీశాడు. స్క్రీను మీద మళ్ళీ ఆవిడే. ఆల్బంలో ఆవిడ. నాకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చుంది.

"మొహం కనబడగానే దానంతట అదే బాగుచేస్తుంది మేడమ్" అన్నాడు గర్వంగా.

"అది ఆపండి."

"ఎందుకు మేడమ్ ఆపడం?"

"ముందు ఆపండి, తర్వాత చెప్తా."

వెతికి వెతికి ఆపాడు. మళ్ళీ తీశాడు. ఈసారి నా ఎడమ చెంప సున్నం కొట్టిన గోడలా వెలిగిపోయింది. అందులో కన్ను ఎక్కడుందో వెతుక్కోవాలి. కుర్రాడికి చెమటలు పట్టాయి. పాపం, వాడి తప్పేం లేదు. ఆ డబ్బా అమ్మడమే వాడికి నేర్పారు.

"మీకు ఫోటో బాగుండాలి కదా మేడమ్?" అన్నాడు చివరికి.

"ఫోటో నాలా ఉండాలి" అని చెప్పి బయటికొచ్చేశాను. వెనక నుంచి, సంచీ ఇంకా మంచిది ఇస్తానని కేకేశాడు.

తర్వాత చాలా రోజులు దుకాణంలో ఖాళీ దొరికినప్పుడల్లా చదివాను, వీడియోలు చూశాను. సగం అర్థమయ్యేది కాదు. అర్థమైనంతలో తేలిందేమిటంటే, కొత్త డబ్బాలో ఉన్న హంగులన్నిటికీ నేను డబ్బు కట్టాలి, వాటిలో ఒక్కటీ నాకక్కర్లేదు. తెలుపునీ నలుపునీ ఒకేసారి పట్టుకోగలిగేది నాకు కావాలి. పాతదైనా ఫరవాలేదు. మా దుకాణానికి బొత్తాల కోసం వచ్చే ఒకావిడ, పాత కెమెరాలు కొని అమ్మే ఒకాయన గురించి చెప్పింది. ఆయన మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంది కాబట్టి అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారట.

తాళాలు బాగుచేసే కొట్టు పక్కన సందులాంటి దుకాణం ఆయనది. ఇద్దరు మనుషులు నిలబడితే మూడోవాడు బయట వేచి ఉండాలి. లోపల నూనె, పాత తోలు వాసన.

"ఏం తీస్తారు? పెళ్ళిళ్ళా, పిట్టలా?" అన్నాడు తలెత్తకుండానే.

"నన్ను."

అప్పుడు తలెత్తాడు. అద్దాల బల్ల మీద పెట్టిన నా కుడి చెయ్యి కనబడింది ఆయనకి. అందరిలా చూపు తిప్పుకుంటాడేమోనని చూశాను. తిప్పుకోలేదు. భూతద్దం తీసి, "అభ్యంతరం లేకపోతే" అంటూ దాని మీదికి వంగాడు.

"ఇవి నిజమైన రంగులేనా?" అన్నాడు.

"పుట్టినప్పటి నుంచీ కాదు గానీ, నిజమైనవే."

"ఊ" అని మూలిగి, వెనక అరలోంచి మూడు కెమెరాలు తీసి బల్ల మీద వరసగా పెట్టాడు. ట్యూబు లైటు కింద తియ్యబోతుంటే ఆపాను. మా దుకాణంలో దారం గుడ్డకి జోడీ కుదిరిందో లేదో లైటు కింద చూడం, గుమ్మంలోకి తెచ్చి చూస్తాం. ఆ మాటే అన్నాను. ఆయన గొణుక్కుంటూనే మూడింటినీ మోసుకుని గుమ్మంలోకి వచ్చాడు. తాళాలాయన పని ఆపి చూస్తున్నాడు.

మొదటిదానిలో నా చేతి గోధుమరంగు బాగానే వచ్చింది, తెల్ల సగం మాత్రం ఉత్త కాగితంలా ఉంది. రెండోదానిలో తెలుపు సరిపోయింది, పక్కనున్న చర్మం మసిలా మాడిపోయింది. మూడోది చూడటానికి అన్నిటికంటే నాసిగా ఉంది, పట్టుకునే చోట రబ్బరు ఊడిపోయింది, అడుగున నొక్కు. దానితో తీసింది స్క్రీను మీద పెద్దది చేసి చూపించాడు. రెండు రంగులూ ఉన్నాయి. మధ్యలో అంచు ఉంది. అంచు వెంట చిన్న చిన్న గోధుమ చుక్కలు, ఎవరో నువ్వులు చల్లినట్టు, ఒక్కొక్కటీ విడివిడిగా కనబడుతున్నాయి. తెల్లభాగంలో చర్మం గీతలు కూడా ఉన్నాయి.

నా చెయ్యే. మొట్టమొదటిసారి ఒక ఫోటోలో నా చెయ్యి చూసుకున్నాను.

భూతద్దం కూడా చాలాసేపు దాన్నే చూశాడు. "అమ్మా, ఒక్క ఉపకారం చేస్తారా? ఈ చెయ్యి ఓ వారం ఇక్కడ వదిలేసి వెళ్ళండి. దుకాణంలో ఉన్నవన్నీ దీంతోనే పరీక్షిస్తా. తెలుపూ నలుపూ పక్కపక్కన ఇంత చక్కగా ఎక్కడ దొరుకుతాయి?"

నవ్వాను. పగలబడి నవ్వాను. నా మచ్చలు చూసి జాలిపడ్డవాళ్ళున్నారు, మందులు చెప్పినవాళ్ళున్నారు, బస్సులో లేచి వేరే సీటుకి వెళ్ళినవాళ్ళున్నారు. అవి పనికొస్తాయన్న మనిషి ఆయనొక్కడే.

నవ్వు సంగతి నవ్వుదే, బేరం సంగతి బేరానిదే. ఆ కెమెరాకి నా డబ్బు చాలావరకు అయిపోతుంది, దానికి తగ్గ లెన్సుకి ఇంకా అంత కావాలి. అప్పు ఇస్తానన్నాడు, వద్దన్నాను. కాసేపు తల గోక్కుని, సొరుగులోంచి ఇనప గుండులాంటి లెన్సొకటి తీశాడు. వేరే కంపెనీది, చాలా పాతది. మధ్యలో ఒక రింగు బిగిస్తే ఈ కెమెరాకి పడుతుంది.

"ఇది దగ్గరికి లాగదు, దూరం జరపదు. ఫోకస్ కూడా దానంతట అది చేసుకోదు. మీరే చేత్తో తిప్పుకోవాలి. కొత్తవాళ్ళకి ఇది అమ్మితే తిట్టుకుంటారు."

"అద్దం ఎలాంటిది?"

"అద్దానికేం, బంగారం."

"అయితే ఇవ్వండి. తిప్పుకోవడానికి చెయ్యుంది, దగ్గరికీ దూరానికీ కాళ్ళున్నాయి."

"రబ్బరు ఊడిందని ధర తగ్గించమంటారా?"

"ధర తగ్గించండి, రబ్బరు కూడా అతికించి ఇవ్వండి."

అతికిస్తూ ఉన్నంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. తాళాలాయన మాత్రం నా వైపు చూసి మెచ్చుకోలుగా తలూపాడు.

ఇంట్లో కెమెరాకి జరిగిన స్వాగతం గురించి చెప్పడానికేమీ లేదు. అమ్మ చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది. తమ్ముడు చేతిలోకి తీసుకుని, "పాతదా? జూమ్ కూడా లేదా? ఈ డబ్బుకి..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి కింద పెట్టేశాడు.

వాడన్నది నిజమే అనిపించేలా గడిచాయి మొదటి రోజులు. తీసిందల్లా మసకే. నాన్న గడ్డం గీసుకుంటుంటే తీస్తే కిటికీ వచ్చింది, నాన్న నల్లటి నీడ అయ్యాడు. పక్కింటి పిల్లిని తీస్తే పిల్లి వెళ్ళిపోయాక గోడ వచ్చింది. ఈ యంత్రం గుణం మెల్లిగా అర్థమైంది. తెల్లటిది ఎక్కువ కనబడితే కంగారుపడి అంతా చీకటి చేస్తుంది, నల్లటిది ఎక్కువ కనబడితే జాలిపడి సున్నం కొడుతుంది. దాని మాట వినకుండా, ఎంత వెలుగు పుచ్చుకోవాలో నేనే చెప్పడం నేర్చుకున్నాను. ఫోకస్‌కి ఒక కిటుకు ఉంది. రింగు తిప్పుతూ కంటి దగ్గర పెట్టుకుని చూస్తే, ఏది స్పష్టంగా కుదిరిందో దాని అంచుల వెంట ఎర్రటి గీత మెరుస్తుంది. ఆ గీత కోసం కాచుకోవడం, అది మెరవగానే నొక్కడం, అంతే.

ఒక ఆదివారం పొద్దున కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, ఎదురుగా బల్ల మీద పుస్తకాలు పేర్చి, వాటి మీద కెమెరా నిలబెట్టి, కుర్చీ వీపు మీద ఫోకస్ కుదుర్చుకుని, టైమరు నొక్కి పరుగెత్తుకెళ్ళి కూర్చుని నన్ను నేను తీసుకున్నాను. ఎన్నిసార్లు పరుగెత్తానో లెక్కలేదు. నాన్న పేపరు మడిచి, "వ్యాయామమా?" అని అడిగాడు. చివరికి ఒకటి కుదిరింది. ఎడమ చెంప మీద తెలుపు, కనురెప్ప మీద సగం తెల్లబడ్డ వెంట్రుకలు, కింద కాస్త అలసట. నేనే. అందంగా ఉన్నానో లేదో ఆలోచించనే లేదు. ఉన్నాను, అంతే.

సంబరం ఆపుకోలేక వంటింట్లోకి తీసుకెళ్ళి అమ్మకి చూపించాను. అమ్మ ఒక్క క్షణం చూసి మొహం తిప్పేసుకుంది.

"ఎందుకే ఇలా తీసుకుంటావు? నేను చూడలేను."

"నేను రోజూ చూస్తున్నానమ్మా."

అమ్మ పొయ్యి కట్టేసింది. మళ్ళీ వెలిగించింది.

పెళ్ళి రోజు పొద్దున హాల్లో మాకిచ్చిన గదిలో అమ్మా నేనూ తయారవుతున్నాం. తలుపు తట్టి ఒకావిడ లోపలికి వచ్చింది, చేతిలో పెద్ద పెట్టె. మేకప్ ఆవిడ. నేను పిలవలేదు.

"అక్కగారికి చెయ్యమన్నారండీ. కవరింగ్ బాగా వస్తుంది, చేతులక్కూడా వేస్తాను, చెమటకి పోదు" అంటూ పెట్టె తెరిచి, రంగు పుల్లలు వరసగా నా చెంప పక్కన పెట్టి చూసింది. "మీరు ఏ షేడ్ వాడతారు?"

"ఏ సగానికి?" అన్నాను.

ఆవిడ ఫక్కున నవ్వేసి, నవ్వినందుకు నాలిక కరుచుకుంది. నేనూ నవ్వాను. "ఏం వద్దండీ. మీరు మా అమ్మ జుట్టు దువ్వండి. మీ డబ్బు ఎక్కడికీ పోదు" అని కుర్చీ చూపించాను. అమ్మ వచ్చి కూర్చుంది.

తమ్ముడు వచ్చాడు. పెళ్ళికొడుకు బట్టల్లో చక్కగా ఉన్నాడు, మొహం మాత్రం ఎర్రబడి ఉంది.

"అక్కా, ఒక్క రోజు. ఈ ఒక్క రోజు. మా ఆఫీసు వాళ్ళంతా వస్తున్నారు. నీ కోసమే కదా చెప్తున్నాను, అందరూ నిన్నే చూస్తుంటే నీకు బాగుంటుందా?"

"నాకలవాటేరా. నీకే అలవాటు లేదు."

"నీతో వాదించలేను."

"వాదించకు. ఒక్కటి చెప్పు చాలు. నీ పెళ్ళికి నేను రావాలా, ఆవిడ రావాలా?"

"ఎవరావిడ?"

"నిశ్చితార్థం ఆల్బంలో నీ పక్కన నిలబడ్డావిడ. ఆవిడే కావాలంటే ఇప్పుడే ఇంటికెళ్ళిపోతాను, తలుపు వేసుకుని పడుకుంటాను. తర్వాత ఆవిడతోనే రాకపోకలు పెట్టుకో. నీకు జ్వరమొస్తే ఆవిడే వస్తుంది."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ అద్దంలోకి చూస్తోంది, తల వెనక మేకప్ ఆవిడ చేతులు ఆగిపోయి ఉన్నాయి. అమ్మ వాడి తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. నా తరఫునా మాట్లాడలేదు.

"నీ ఇష్టం" అనేసి వాడు వెళ్ళిపోయాడు.

వేదిక మీద అందరం నిలబడ్డాక స్టూడియో ఆయన దీపాలు సరిచూసుకుంటూ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కగారూ, మీరు కాస్త వెనక వరసలోకి వెళ్తారా?"

"ఇక్కడ బాగానే ఉందండీ."

"అదికాదమ్మా, లైటు మీ మీద ఎక్కువ కొడుతోంది."

"తగ్గించండి. కెమెరాలో కుడివైపు మీట ఉంటుంది, రెండు గీతలు వెనక్కి తిప్పితే సరిపోతుంది. చూపించమంటారా?"

ఆయన గబగబా తన కెమెరా దగ్గరికి వెళ్ళిపోయాడు. పక్కన పెళ్ళికూతురి భుజాలు కదులుతున్నాయి, ఏడుస్తోందేమోనని చూస్తే నవ్వాపుకుంటోంది. నవ్వుతూనే నా చెయ్యి పట్టుకుని, తన పక్కకి లాక్కుంది. తమ్ముడు ఎదురుగా ఎక్కడో చూస్తున్నాడు. వాడూ నేనూ మళ్ళీ మామూలుగా మాట్లాడుకోవడానికి వానాకాలం రావాల్సివచ్చింది. అయినా ఆ రోజు నేను కదల్లేదు.

మర్నాడు పొద్దున చుట్టాలంతా వెళ్ళిపోయాక ఇల్లు ఖాళీ అయింది. వసారాలో అరుగు మీద కూర్చుని కెమెరా తుడుచుకుంటున్నాను. కొత్త మరదలు తడి జుట్టుతో వచ్చి పక్కన కూర్చుంది.

"వదినా, నిన్నంతా మీరు అందర్నీ తీశారు. మనిద్దరం కలిసి ఉన్నది ఒకటి కావాలి నాకు. మీ కెమెరాలోనే."

"ఎవరు తీస్తారు? మీ ఆయన పడుకున్నాడు, మా నాన్న చేతికిస్తే విప్పి చూస్తాడు."

అప్పుడే అమ్మ బకెట్టుతో బట్టలు ఆరేయడానికి బయటికొచ్చింది. మరదలికి మా ఇంటి సంగతులు ఇంకా తెలీవు కదా. "అత్తయ్యా, మీరు నొక్కండి" అనేసింది.

అమ్మ నా వైపు చూసింది. కొత్త కోడలు నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక, కాదనడం ఎలా? బకెట్టు దింపి, చేతులు తుడుచుకుని వచ్చింది. కెమెరా పట్టీ మెడలో వేసి, ఎలా పట్టుకోవాలో, రింగు ఎక్కడుందో చూపించి, వెళ్ళి మరదలి పక్కన కూర్చున్నాను. మాకూ అమ్మకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

"ఏమీ కనబట్టంలేదే. అంతా మసగ్గా ఉంది" అంది అమ్మ.

"మెల్లిగా తిప్పమ్మా. కుదరగానే అంచుల మీద ఎర్రగీత వస్తుంది."

"ఏ అంచు? దేన్ని చూడాలి?"

"నా ఎడమ కన్ను పక్కన. మచ్చ అంచు."

ఇన్నేళ్ళుగా రోజూ నా మొహానికి మందు రాసింది అమ్మే. రాస్తున్నంతసేపూ గోడ మీద క్యాలెండరు చూసేది. వేళ్ళకి దారి తెలుసు, కళ్ళతో పనిలేదు. ఇప్పుడు ఒక కన్ను మూసి, రెండో కన్ను కెమెరాకి ఆనించి, రింగుని అటూ ఇటూ తిప్పుతోంది. ముందుకి, వెనక్కి, మళ్ళీ కాస్త ముందుకి. తిప్పుతున్న వేళ్ళు ఆగిపోయాయి.

"వచ్చింది" అంది.

"ఏది?"

"గీత. కంటి దగ్గర మొదలై, చెంప మీదుగా... కిందిదాకా వెళ్ళింది." గొంతు మారింది. ఏడుపు కాదు. సూదిలోకి దారం ఎక్కిస్తున్నప్పుడు మాట్లాడే గొంతు. "మధ్యలో చుక్కలున్నాయే, గోధుమరంగువి. ఇవెప్పుడొచ్చాయి?"

"ఎప్పట్నుంచో ఉన్నాయమ్మా."

"కనురెప్ప వెంట్రుకలు కూడా తెల్లబడ్డాయి."

"ఆఁ."

మరదలు నా భుజానికి ఆనుకుని కదలకుండా కూర్చుంది. ఎండ అరుగు మీదికి పాకి నా చెంపని తాకింది, చురుక్కుమంది. చెయ్యి అడ్డం పెట్టుకోవాలనిపించింది, పెట్టుకోలేదు.

"కుదిరింది కదా అమ్మా, నొక్కు" అన్నాను.

"ఉండవే" అంది అమ్మ. "కాసేపు చూడనీ."